మోటారు వార్నిష్ పూసుకున్న కారు

మా ఆయన కాలిపోయిన మోటార్లకు కొత్తగా తీగ చుట్టేవాడు. తిరువూరు మెయిన్ రోడ్డు నుంచి లోపలికి తిరిగిన సందులో మా ఇంటి ముందు గదే షాపు. చుట్టుపక్కల ఊళ్ళలో బావి మీద మోటారు కాలితే రైతులు దాన్ని మోపెడ్ వెనక కట్టుకుని తెచ్చి మా గుమ్మంలో దించేవాళ్ళు. ఆయన మాడిపోయిన రాగి తీగంతా పీకేసి, కొత్తది చుట్టి, ఎర్రటి వార్నిష్ పట్టించి, ఎండలో ఆరబెట్టి ఇచ్చేవాడు. ఆ వార్నిష్ వాసన మా బట్టల్లో, పిల్లల పుస్తకాల్లో, ఆఖరికి మజ్జిగలో కూడా ఉండేది. పని మాత్రం గట్టిది. ఆయన చేతిలో పడ్డ మోటారు మళ్ళీ మా గుమ్మం ఎక్కాలంటే ఏళ్ళు పట్టేది. అంత నిదానస్తుడికి కారు పిచ్చి మంగలి షాపులో పట్టింది.

గడ్డం సగం అయ్యాక చేతిలో ఉన్న పేపర్లో ఒక బొమ్మ చూశాడట. పై దేశాల్లో కొత్త రకం కారొకటి వచ్చిందని, కాసేపు పెట్రోలు మీద, కాసేపు కరెంటు మీద నడుస్తుందని, దాన్ని హైబ్రిడ్ అంటారని రాశారు. మిగిలిన సగం గడ్డం సంగతి మర్చిపోయి ఇంటికొచ్చేశాడు.

"ఇందులో ఏముందే? ఇంజనుంది, మోటారుంది. మోటారు నా పని. ఇంజను మీ తమ్ముడి పని," అన్నాడు.

"ముందు ఆ రెండో బుగ్గ మంగలి పని," అన్నాను.

మా తమ్ముడి సంగతి చెప్పాలి. వాడు బెజవాడ ఆటోనగర్‌లో లారీలకు, కార్లకు ఇంజను పని, రేకు పని చేసేవాడు. పనిచేసిన ప్రతిచోటా యజమానితో గొడవపడి, చివరికి గొడవపడటానికి యజమానులు మిగలక, ఓ నాలుగు రోజులు ఉండి పోతానని మా ఇంటికొచ్చాడు. ఆ నాలుగు రోజులు అప్పటికి ఏడాదిగా నడుస్తున్నాయి. వాడికి పని వచ్చు. ఎక్కడ ఆపాలో రాదు. మా ఆయనకు ఎక్కడ ఆపాలో తెలుసు గానీ, బావమరిది మాట కాదనలేడు. ఇలాంటి ఇద్దరు ఒక ఇంట్లో ఉన్నాక కారు పుట్టక ఏమవుతుంది?

రెడ్డిగూడెంలో ఒక మామిడికాయల వ్యాపారి తోటలో చిన్న కారొకటి పడి ఉందని తెలిసింది. లారీ గుద్దితే ముందు మొహమంతా లోపలికి పోయింది. అందులో కోళ్ళు పొదుగుతున్నాయి. "కారు తీసుకుపోండి, కోళ్ళు మాత్రం నావి," అన్నాడట ఆ వ్యాపారి. ట్రాక్టరుకు కట్టి లాక్కొచ్చారు. సందులోకి తెస్తుంటే మా అత్తయ్య అరుగు మీద కూర్చుని బియ్యం చెరుగుతోంది.

"ఏంట్రా అది?"

"కారమ్మా."

"కారని తెలుస్తానే ఉంది. అందులో ఎవరు పోయారని?"

"ఎవరూ పోలేదమ్మా."

"అయితే ఇంకా టైముందన్నమాట," అని మళ్ళీ చేట అందుకుంది.

దాన్ని ఇంటి పక్కనున్న రేకుల షెడ్డులో పెట్టారు. ఇంజను తిరిగేలా చెయ్యటం మా తమ్ముడికి పెద్ద కష్టం కాలేదు. అది ముందు చక్రాలను లాగుతుంది. వెనక చక్రాలను తోయడానికి, గోడౌన్లలో బస్తాలు ఎత్తే బండిలో ఉండే బ్యాటరీ మోటారొకటి బెజవాడ పాత ఇనుము కొట్లో సంపాదించారు. మా ఆయన దానికి తీగ చుట్టినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, పెళ్ళికూతురికి జడ వేసినట్టు చుట్టాడు. అక్కడితో ఆపి ఉంటే ఈ రోజు నేను ఇలా చెప్పుకోవలసిన అవసరమే వచ్చేది కాదు.

మోటారుకు బ్యాటరీలు కావాలి. లారీవి, ట్రాక్టరువి ఎక్కడ దొరికితే అక్కడివి తెచ్చి వెనక సీటు పీకేసి అక్కడ పేర్చారు. ఆ బరువుకు కారు వెనక భాగం నేలకు ఆనింది. అందుకని జీపు స్ప్రింగులు వేశారు. స్ప్రింగులకు తగ్గట్టు వెడల్పు టైర్లు వేశారు. టైర్లు బయటికి పొడుచుకొచ్చి రేకుకు రాసుకుంటుంటే రేకు కోసి పెద్ద పెద్ద బుగ్గలు అతికించారు. వెనక అంత లావయ్యాక ముందు చిన్నగా కనపడుతోందని బానెట్ మీద గాలికోసమని ఒక రేకు పెట్టె పెట్టారు. ఒక తప్పును కప్పడానికి ఇంకో తప్పు చేస్తే జనం నవ్వుతారు గానీ, దాన్నే కారు మీద చేస్తే మోడలు అంటారు. ఆ మాట నాకు అప్పుడే తెలిసింది.

ఒకరోజు మధ్యాహ్నం బియ్యం తీద్దామని పోతే డ్రమ్ముకు మూత లేదు. అది కారు వెనక రెక్కయి నిలబడి ఉంది.

"ఇదెందుకురా?" అని తమ్ముణ్ణి అడిగాను.

"స్పీడులో బండి పైకి లేచిపోకుండా కిందికి నొక్కి పెడుద్దక్కా."

"పొద్దున దాన్ని షెడ్డులో నుంచి బయటికి తొయ్యటానికి సందులో మగాళ్ళందరూ కావలసి వచ్చారు. అది పైకి లేచేదెప్పుడు?"

"నీకు అర్థంకాదులే అక్కా. పికప్పు వచ్చాక చూడు."

పికప్పు అంటే ఏంటో తర్వాత అర్థమైంది. కరెంటు మోటారుకు వాళ్ళు పెట్టింది గోడ మీద ఉండే మెయిన్ స్విచ్ లాంటి ఒక పిడి. పైకి లాగితే మొత్తం కరెంటు, కిందికి దించితే మొత్తం బంద్. మధ్యలో ఇంకేమీ లేదు. మా ఆయన మొదటిసారి ఆ పిడి లాగినప్పుడు కారు కట్టు తెంచుకున్న దూడలా ఒక్క గెంతు గెంతి, మా అత్తయ్య ఆరేసిన వడియాల మీద నుంచి పోయి ఎదురింటి గోడకు ఆనింది. సందులో మగాళ్ళందరూ చప్పట్లు కొట్టారు. మా అత్తయ్య వడియాల గుడ్డ దులుపుతూ, "దీన్ని హైబ్రిడ్ అంటారా? దున్నపోతంటే సరిపోయేది," అంది.

తలుపుల కథ ఇంకా ఉంది. మా తమ్ముడికి మామూలు తలుపులు నచ్చలేదు. పక్షి రెక్కల్లా పైకి లేచే తలుపులు చేశాడు. లేచేవి గానీ నిలబడేవి కావు. అందుకని ఎవరైనా ఎక్కాలన్నా దిగాలన్నా మామిడికాయలు కోసే దోటీ కర్ర తలుపు కింద పోటు పెట్టాలి. తెలుసుకోకుండా తల పెట్టినవాళ్ళ నెత్తి మీద అది దబ్బున పడేది. మా సందులో ఆ ఏడాది బొప్పి లేని మగాడు లేడు.

ఇదంతా జరుగుతుండగా పెనుగొలను రైతు వచ్చాడు.

ఆయన మాకు చుట్టమేం కాదు. షాపు పెట్టిన కొత్తలో నమ్మి మొదటి మోటారు తెచ్చిచ్చింది ఆయనే. నన్ను అమ్మాయ్ అనేవాడు, మా ఆయన్ని మేస్త్రీ అనేవాడు. ఆ రోజు మోటారు దించి, చెమట తుడుచుకుని, నేనిచ్చిన మంచినీళ్ళు నిలబడే తాగాడు.

"మొక్కజొన్న కండె పీచు వేస్తాందమ్మాయ్. ఇప్పుడు తడి లేకపోతే గింజ కట్టదు. నాకు ఉన్నది ఆ బావి ఒక్కటే. శుక్రవారానికి ఇప్పించు మేస్త్రీ, నీకు పుణ్యం ఉంటది."

"శుక్రవారం దాకా ఎందుకు, గురువారమే వచ్చి తీసుకుపో," అన్నాడు మా ఆయన.

రైతు వెనక్కి తిరిగి షెడ్డులో ఉన్నదాన్ని చూశాడు. "అదేంటి?"

"హైబ్రిడ్ కారు."

"హైబ్రిడ్ మొక్కజొన్న తెలుసు. హైబ్రిడ్ కారేంటి మేస్త్రీ? దీనికి ఎరువు ఎక్కువ కావాలా?"

"కరెంటు కావాలి."

"అయితే మన ఊళ్ళో పండదు," అని మోపెడ్ ఎక్కి వెళ్ళిపోయాడు.

మా ఆయన మాట తప్పలేదు. బుధవారానికల్లా తీగ చుట్టడం అయిపోయింది. మిగిలింది వార్నిష్ పట్టించడం. ఈ వార్నిష్ సంగతి తెలియనివాళ్ళకు చెప్పాలి. చుట్టిన తీగలు ఒకదానికొకటి కదలకుండా పట్టి ఉంచేది, ఒక తీగలో కరెంటు పక్క తీగలోకి దూకకుండా అడ్డుపడేది అదే. అది పట్టకుండా మోటారు బిగిస్తే పూటైనా తిరగదు, మళ్ళీ మాడిపోతుంది. తిరువూరులో అది దొరికేది కాదు. బెజవాడ నుంచి పెద్ద డబ్బా తెచ్చుకుని సీజనంతా వాడుకోవాలి.

డబ్బా కోసం షాపు మూల చూశాడు. డబ్బా ఉంది. అందులో కుంచె ఉంది. వార్నిష్ లేదు.

ముందు రోజు మా ఆయన భోజనం చేసి కునుకు తీస్తుండగా మా తమ్ముడు కారుకు రంగు వేశాడు. తెచ్చుకున్న రంగు చాలక వెతుకుతుంటే ఎర్రగా, తళతళలాడుతూ ఆ డబ్బా కనపడిందట. లేచి చూసిన మా ఆయన ఏమన్నాడో నేను చెవులారా విన్నాను. "అబ్బ, షో వచ్చిందిరా బావమరిదీ!" అన్నాడు. తన డబ్బాలోదని ఆ వాసన రోజూ పీల్చే మనిషికి తట్టలేదా? తట్టింది. డబ్బాలో అడుగున ఇంకా మిగిలే ఉంటుందిలే అనుకున్నాడట. మా తమ్ముడు దేనిలోనైనా అడుగు మిగిల్చే మనిషా?

బెజవాడ పోయి ఇంకో డబ్బా తెద్దాంలే అనుకుని మా ఆయన మళ్ళీ కారు పనిలో పడ్డాడు. అంతటితో అయిపోలేదు. రంగు ఆరాక దీపాలు, హారను అన్నీ బిగించారు. ఒక్కటీ పనిచెయ్యలేదు. హారను నొక్కితే కూత లేదు. దీపం స్విచ్ వేస్తే వెలుగు లేదు. ఇద్దరూ కలిసి వైర్లు పీకి మళ్ళీ వేశారు. స్విచ్‌లు మార్చారు. హారను మార్చారు. గురువారం పొద్దున్నుంచి అదే పని. మధ్యాహ్నం పెరుగన్నం ముద్ద నోటి దగ్గర పెట్టుకుని మా ఆయన అలాగే ఆగిపోయాడు.

"ఓరి నీ... కార్లో కరెంటు వెనక్కి పోయేది బాడీ రేకులోంచే కదరా!" అని అరిచాడు.

కరెంటు దాటకూడదని పూసే వార్నిష్‌ను కరెంటు నడవాల్సిన రేకుకు అంగుళం వదలకుండా పూశారు. జీవితమంతా ఆ పని మీదే అన్నం తిన్న మనిషికి ఆ ముక్క తట్టడానికి ఒక పూటంతా పట్టింది. నేను నవ్వలేదు. నవ్వితే అన్నం దగ్గర నుంచి లేచిపోతాడని మా అత్తయ్య కూడా కొంగు అడ్డం పెట్టుకుంది.

సరిగ్గా అప్పుడు గుమ్మంలో మోపెడ్ ఆగింది.

"అయిందా మేస్త్రీ?"

"అయినట్టే. ఆరుతా ఉంది," అన్నాడు మా ఆయన, చెయ్యి కడుక్కుంటూ.

రైతు బల్ల మీద ఉన్న మోటారు దగ్గరికి పోయి వంగి చూశాడు. కొత్త రాగి తీగ పచ్చగా మెరుస్తోంది. ఏళ్ళ తరబడి మా గుమ్మంలో కూర్చుని చూసినవాడు, ఆరే మోటారు ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు. నేరుగా షెడ్డు వైపు పోయాడు. కారు బుగ్గ మీద వేలు పెట్టి రాశాడు. వాసన చూశాడు.

"నా మోటారుకు పూయాల్సింది దీనికి పూశారా?"

మా తమ్ముడు బానెట్ ఎత్తి లోపలికి తల దూర్చాడు.

"చెప్పమ్మాయ్, నువ్వన్నా చెప్పు."

"అవును పెదనాన్నా, పూశారు," అన్నాను.

ఆయన తల మీద కండువా తీసి మళ్ళీ చుట్టుకున్నాడు. "కండె పీచు ఎండిపోతా ఉంది. ఆకు మధ్యాహ్నానికి చుట్ట చుట్టుకుంటంది. వేరే మేస్త్రీ దగ్గరికి తీసుకుపోదామంటే ఒకరు సగం చేసింది ఇంకొకరు ముట్టుకోరు. నన్నేం చెయ్యమంటావ్?"

"రేపు పొద్దున్నే బెజవాడ పోయి డబ్బా తెస్తాను. సాయంత్రానికి పూసేస్తాను," అన్నాడు మా ఆయన.

మామూలు మనిషైతే మొదటి బస్సెక్కి పోయి మధ్యాహ్నానికి తిరిగొచ్చేవాడు. మా ఆయన రాత్రి పడుకునే ముందు నాతో, "బస్సెందుకు? బయట కారుండగా," అన్నాడు. అది ఆ మోటారు కోసం పోవటమో, కారు కోసం పోవటమో నాకు బాగా తెలుసు. తెలిసి గొంతు చించుకున్నాను. "ఏవండీ, అక్కడ పైరు ఎండుతా ఉంది, మీకు షికారు కావలసి వచ్చిందా?" అన్నాను. "బస్సుకన్నా ముందే పోతాం," అని అటు తిరిగి పడుకున్నాడు.

పొద్దున్నే హారనుకు, దీపాలకు కావలసినంత మేర రేకు గీకి, కారుకు కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. సందంతా వచ్చింది. ఇల్లాలు పక్కనుంటే శుభమని నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టారు. మా తమ్ముడు బ్యాటరీల మీద గోనె పరుచుకుని వెనక కూర్చున్నాడు. మా అత్తయ్య దోటీ కర్ర తీసి తలుపు మూస్తూ, "డబ్బాతో రా నాయనా, కథతో రాకు," అంది.

ఇక్కడ ఇంకొక ముక్క చెప్పాలి. గురువారం సాయంత్రం కరెంటు పోయింది. అప్పుడు టీవీలో క్రికెట్ వస్తోంది. ఎవరో పెద్దమనిషి, "మన మేస్త్రీ కారులో అన్ని బ్యాటరీలుండగా మనకు చీకటేంటి?" అన్నాడు. మా ఆయన పొంగిపోయి, కారు లోపల ఫ్యాను తిరగడానికని పెట్టుకున్న ఇన్వర్టరుకు వైరు తగిలించి, వీధిలో టీవీ పెట్టి, పక్కిళ్ళ ఫ్యాన్లు కూడా తిప్పించాడు. మ్యాచ్ అయ్యేదాకా సందంతా ఆయన్ని దేవుడన్నారు. ఆ రాత్రి కరెంటు మళ్ళీ సరిగ్గా రాలేదు. బ్యాటరీలు నిండలేదు. ఆ సంగతి ఎవరూ పొద్దున చూడలేదు.

కారు సందు దాటింది, మెయిన్ రోడ్డు ఎక్కింది. సైలెన్సరు కోసేశారు కాబట్టి బస్టాండులో పడుకున్న కుక్కలు కూడా లేచి నిలబడ్డాయి. ఊరు దాటి మామిడి తోటల దగ్గర రోడ్డు కొంచెం ఎత్తెక్కుతుంది. ఇంజను మూలగడం మొదలుపెట్టింది. "ఇప్పుడు చూడు పికప్పు," అని మా ఆయన పిడి లాగాడు. గెంతు లేదు, కదలిక లేదు, వెనక నుంచి చిన్న నిట్టూర్పు వినపడింది. ఇంజను ఒక్కటే ఆ బ్యాటరీలను, ఆ స్ప్రింగులను, ఆ రెక్కను, మమ్మల్ని కాసేపు లాగింది. తర్వాత బానెట్ మీద పెట్టెలోంచి పొగ కక్కి ఆగిపోయింది.

దిగుదామంటే తలుపు పైకి లేస్తుంది గానీ నిలబడదు. దోటీ కర్ర ఇంట్లోనే ఉండిపోయింది. మా తమ్ముడు కిటికీలోంచి పాకి బయటపడి తలుపు భుజాన మోస్తూ నిలబడితే మేం దిగాం. ఇంజను చల్లారాలని తోటలో నుంచి నీళ్ళు తెచ్చి పోస్తున్నారు. అలా ఎంతసేపు గడిచిందో, తిరువూరు వైపు నుంచి బెజవాడ బస్సు వచ్చింది. ఎత్తు కాబట్టి మెల్లగా వస్తోంది. కిటికీలో పెనుగొలను రైతు.

మా ఆయన మాట నమ్మలేక తానే పొద్దున్నే మా ఇంటికొచ్చాడట. కారులో పోయారని మా అత్తయ్య చెబితే, ఆగకుండా బస్టాండుకు పోయి బస్సెక్కాడట. నల్లగా పొగచూరిన మా ఆయన మొహాన్ని, తలుపు మోస్తున్న మా తమ్ముణ్ణి, రోడ్డు పక్కన చీర కుచ్చిళ్ళు పట్టుకుని నిలబడ్డ నన్ను చూశాడు.

"మేస్త్రీ! డబ్బా ఒక్కటే తెచ్చేదా, వచ్చేటప్పుడు నిన్ను కూడా ఎక్కించుకోనా?" అని అరిచాడు.

బస్సంతా నవ్వింది. ఆయన మాత్రం నవ్వలేదు. బస్సు ఎత్తెక్కి మలుపు తిరిగిపోయింది.

వార్నిష్ డబ్బా ఆయనే తెచ్చాడు. కారును ట్రాక్టరుకు కట్టించుకుని మేం ఇల్లు చేరేసరికి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. మా ఆయన చెయ్యి కూడా కడుక్కోకుండా పనిలోకి దిగాడు. తీగ మొత్తం తడిసేలా పోసి, పెద్ద బల్బు పెట్టి వేడి చేసి, మర్నాడు ఎండలో పెట్టి పూర్తిగా ఆరనిచ్చాడు. ఆరేదాకా రైతు కదల్లేదు. నేను అన్నం పెడతానంటే తిన్నాడు. చెయ్యి కడుక్కుని మళ్ళీ మోటారు పక్కనే కూర్చున్నాడు. మోటారు పాడు కాలేదు, ఆ ఏడాదే కాదు, తర్వాత చాలా ఏళ్ళు తిరిగింది. కానీ అది పెనుగొలను చేరేసరికి శుక్రవారం దాటిపోయింది.

కారు మళ్ళీ రోడ్డెక్కలేదు. షెడ్డులోనే ఉండి, కరెంటు పోయినప్పుడల్లా సందుకు టీవీ చూపిస్తూ, ఫ్యాన్లు తిప్పుతూ ఉండేది. దానికి నప్పిన పని అదొక్కటే. మా తమ్ముడు ఇంకా మంచి తలుపులు చేస్తానని కొన్నాళ్ళు అన్నాడు. ఆ తర్వాత కోదాడలో లారీ బాడీలు కట్టే షెడ్డులో పనికి పోయాడు. అక్కడి యజమానితో గొడవపడటానికి కొంత టైము పట్టింది.

మొక్కజొన్న పచ్చి కండెలు వచ్చే రోజుల్లో పెనుగొలను రైతు మోపెడ్ మీద ఒక సంచి తెచ్చి మా గుమ్మంలో పెట్టాడు. "మేస్త్రీ చుట్టిన మోటారు నీళ్ళతో పండినవమ్మాయ్," అని వెంటనే వెళ్ళిపోయాడు. మా ఆయన షాపులోంచి లేచేలోపే మోపెడ్ సందు మలుపు దాటింది.

మా అత్తయ్య ఒలిచింది. కింద సగం వరకు గింజ ముత్యాల్లా కట్టింది. పైన సగం ఏమీ లేదు, బోడిగా, పళ్ళూడిన చిగుళ్ళలా ఉంది. ఇంకోటి ఒలిచింది, అదీ అంతే. సంచిలో ఉన్నవన్నీ అంతే.

మా అత్తయ్య లేచి పొయ్యి రాజేసింది. రెండు కండెలు నిప్పుల మీద కాల్చి, ఉప్పు, నిమ్మకాయ రాసి, ప్లేటులో పెట్టి షాపులో మా ఆయన ముందుంచింది.

ఆయన తీసుకున్నాడు. గింజ ఉన్నంత మేరా నెమ్మదిగా తిన్నాడు. ఒక్క గింజ వదల్లేదు. తర్వాత ఆ బోడి సగాన్ని చేతిలో తిప్పి చూశాడు.

"తియ్యగానే ఉన్నాయమ్మా," అన్నాడు.

"ఉన్నంత మేర," అంది మా అత్తయ్య, ప్లేటు తీసుకుంటూ.